నాలుగు పెన్సిల్ సెల్లు, పది వాట్ల టార్చి: తయారీ డైరీ

1వ రోజు

ఇంట్లో టార్చిలైట్లు ఏడు ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు వెలిగేది ఒక్కటే, అది కూడా వెనుక నుంచి రెండు దెబ్బలు వేస్తేనే. రెండింటిని లోపల మరిచిపోయిన సెల్లు కారి తినేశాయి. ఇంకొకదాని డబ్బా మీద 5000 ల్యూమెన్లని అచ్చు వేశారు (ల్యూమెన్ అంటే మొత్తం వెలుగుకు కొలమానం). అందులో పట్టేవి మూడు చిన్న సెల్లు. వాటిలోని శక్తినంతా ఊడ్చి పోసినా ఆ వెలుగు పట్టుమని పది నిమిషాలు నిలవదు.

కాబట్టి నేనే చేస్తున్నాను. కావలసింది ఇంతే: రీచార్జి చేసుకునే మామూలు పెన్సిల్ సెల్లతో నడవాలి, పిడికిట్లో ఇమడాలి, వంద మీటర్ల అవతల ఉన్నది చెట్టో మనిషో తెలియాలి, అంకెలు నిజం చెప్పాలి.

టార్చీలు చేసుకునేవారిలో ఎక్కువ మంది 18650 లిథియం అయాన్ సెల్లు వాడతారు. పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్న గుండ్రనిదని చెప్పడానికి. 3000 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లయితే 3.6 వోల్టుల దగ్గర 10.8 వాట్ అవర్లు. బరువు యాభై గ్రాములు కూడా ఉండదు. నేను వాడబోయే 2000 మిల్లీఆంపియర్ అవర్ల నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు, 2.4 వాట్ అవర్లు. నాలుగు కలిపితే 9.6. బరువేమో నూరు గ్రాములు దాటుతుంది. లెక్కలో లిథియందే గెలుపు.

అయినా వద్దనుకున్నాను. ఈ టార్చి నా ఒక్కడి చేతిలో ఉండేది కాదు. సెల్లను తిరగేసి పెట్టేవాళ్లు, తాళాల గుత్తితో పాటు జేబులో వేసుకునేవాళ్లు మా ఇంట్లో ఉన్నారు. లిథియం సెల్లులో ఉండేది మండే సేంద్రియ ద్రావణం. నికెల్ సెల్లులో ఉండేది నీటిలో కరిగిన పొటాషియం హైడ్రాక్సైడ్. షార్టు అయితే అదీ వేళ్లు కాలుస్తుంది, కానీ మంటలు చిమ్మదు. పైగా గోడ గడియారంలో, రిమోటులో ఉన్న సెల్లు తీసి ఇందులో వేసుకోవచ్చు. ఒకప్పుడు ఈ రకం సెల్లను చార్జి చేసి పక్కన పెడితే కొన్ని వారాలకే ఖాళీ అయ్యేవి. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ తెచ్చాక, నెలల తరబడి చార్జి నిలుపుకొనే రకాలు మామూలయ్యాయి. అవి లేకపోతే ఈ ఆలోచనే రాకపోయేది.

ఎల్ఈడీ విషయంలో తర్జనభర్జన లేదు. క్రీ సంస్థ ఎక్స్‌ఎమ్-ఎల్2. అయిదు మిల్లీమీటర్ల చదరం, గరిష్ఠ కరెంటు 3 ఆంపియర్లు, ఆ కరెంటు దగ్గర సుమారు 3.3 వోల్టులు. అంటే దాదాపు పది వాట్లు. కొత్త సరుకు కాదు, కానీ దాని గురించి తెలియవలసినవన్నీ తెలుసు. మొదటి ప్రయోగానికి అంతకన్నా ఏం కావాలి?

3వ రోజు

కాగితం మీద మూడు సెల్లు చాలనిపించింది. మూడు 1.2లు 3.6. ఎల్ఈడీకి 3.3. మధ్యలో 0.3 వోల్టుల వెసులుబాటు. కరెంటును అదుపులో ఉంచడానికి ఏఎమ్‌సీ7135 చిప్పులు ఎనిమిది. ఒక్కొక్కటి 350 మిల్లీఆంపియర్లు, మొత్తం 2.8 ఆంపియర్లు. ఈ చిప్పుకు తన కోసం కావలసింది సుమారు 0.12 వోల్టులే. కాయిలు లేదు, రణగొణ లేదు, పొరపాటు చేసే అవకాశమూ తక్కువ.

మూడు సెల్లు పట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని తీగలు కలిపాను. ఎల్ఈడీని ఒక పాత కంప్యూటర్ హీట్‌సింకు (వేడిని లాగేసే లోహపు దిమ్మ) మీద కూర్చోబెట్టి స్విచ్చు వేశాను. గదంతా తెల్లబడింది. కాసేపు చంకలు గుద్దుకున్నాను.

తరువాత మీటరు పెట్టాను. 2.8 ఉండవలసిన చోట 1.9 ఆంపియర్లు.

4వ రోజు

సెల్లు పాతవేమోనని మార్చాను. అదే 1.9. ఎల్ఈడీని అనుమానించాను, చిప్పులను అనుమానించాను, చివరికి మీటరునే అనుమానించాను. అసలు దొంగ ఎదురుగానే కూర్చుని ఉంది: ప్లాస్టిక్ డబ్బా.

వెలుగుతున్నప్పుడు ఒక్కొక్క సెల్లు మీద కొలిచి కూడితే 3.72 వోల్టులు. డ్రైవరు, అంటే కరెంటును అదుపు చేసే ఆ చిప్పుల దగ్గరికి చేరుతున్నది 3.34. దారిలో 0.38 వోల్టులు మాయం. 0.38ని 1.9తో భాగిస్తే 0.2 ఓము. రేడియోకో బొమ్మకో 0.2 ఓము అంటే లెక్కలేదు. ఇక్కడ మాత్రం నా వెసులుబాటంతా అదే మింగేసింది.

ఎక్కడెక్కడ పోతోందో పట్టుకోవడానికి బెంచి పవర్ సప్లై నుంచి సరిగ్గా ఒక ఆంపియరు పంపి, ఒక్కొక్క భాగం మీద మిల్లీవోల్టులు చదివాను. ఒక ఆంపియరు దగ్గర మిల్లీవోల్టుల అంకే మిల్లీఓముల అంకె. ఓము మీటరుతో ఇంత చిన్న నిరోధాలు కొలవబోతే దాని తీగల నిరోధమే ముందు కనిపిస్తుంది. స్టీలు స్ప్రింగు ఒక్కొక్కటి 45. మూడు స్ప్రింగులకు 135. రివెట్లు కలిపి 30. జుట్టు పోగుల్లాంటి ఎరుపు, నలుపు తీగలకు 35. కూడితే సరిగ్గా 200. లెక్క ఇంత చక్కగా కలిసినందుకు ఆ డబ్బా మీద కోపం కూడా పోయింది.

విరుగుడు పాతదే. టంకాన్ని పీల్చడానికి వాడే రాగి అల్లికను స్ప్రింగు లోపలి నుంచి తీసి, రెండు కొసలా టంకం వేయాలి. నొక్కే పని స్టీలుది, కరెంటు మోసే పని రాగిది. 45 కాస్తా 8కి దిగింది. ఒక జాగ్రత్త: అల్లిక నిడివి పొడవునా టంకం పాకితే అది కడ్డీలా బిగుసుకుపోయి స్ప్రింగు కదలదు. మొదటిది అలాగే పాడైంది.

రివెట్లు తీసేశాను, తీగలు మార్చాను. మొత్తం 45 మిల్లీఓములు. ఇప్పుడు వెలుగు పూర్తిగా వస్తోంది, ఇరవై నిమిషాల వరకు. ఆ తరువాత సెల్లు 1.15 వోల్టుల వైపు జారగానే వెసులుబాటు మళ్లీ హరించుకుపోయి, వెలుగు కొవ్వొత్తిలా కరుగుతూ పోతోంది. సెల్లులో ఇంకా సగం శక్తి ఉండగానే ఇలా కావడం నాకు నచ్చలేదు. మూడు సెల్ల ఆలోచనకు ఇక్కడితో స్వస్తి.

9వ రోజు

నాలుగు సెల్లు, బక్ కన్వర్టరు. 4.8 వోల్టులను 3.3కి దించాలి. ఏఎమ్‌సీ7135తో దించితే మిగిలిన 1.5 వోల్టులూ వేడిగా పోతాయి. మూడు ఆంపియర్ల దగ్గర అది 4.5 వాట్లు, అంటే టార్చిలో చిన్నపాటి టంకం కడ్డీ పెట్టుకున్నట్టే. బక్ కన్వర్టరు అలా తగలేయదు. క్షణానికి లక్షల సార్లు తెరిచి మూస్తూ, కాయిలులో శక్తి దాచి, కావలసిన కరెంటుగా ఇస్తుంది.

ఎల్ఈడీల కోసం అమ్మే బక్ డ్రైవరు చిప్పుల్లో నేను చూసిన చాలా వాటికి కనీసం ఆరు వోల్టులు కావాలి. నాకు నాలుగు దగ్గర కూడా నడవాలి. అందుకే మామూలు వోల్టేజి బక్ చిప్పు ఒకటి తీసుకున్నాను. ఒక మెగాహెర్ట్జ్, ఫీడ్‌బ్యాక్ (కరెంటు సరిపోయిందని చిప్పు గుర్తించే వోల్టేజి) 0.6 వోల్టులు, సెల్లు అయిపోయే వేళకు పై స్విచ్చును నూటికి నూరు పాళ్లు తెరిచి ఉంచగలది.

చిక్కు ఆ 0.6 దగ్గరే. కరెంటును కొలిచే రెసిస్టరు మీద 0.6 వోల్టులు పడాలంటే మూడు ఆంపియర్ల దగ్గర 1.8 వాట్లు దానికే కప్పం కట్టాలి. దాని బదులు 20 మిల్లీఓముల రెసిస్టరు పెట్టాను. దాని మీద పడేది 60 మిల్లీవోల్టులు, ఖర్చు 0.18 వాట్లు. ఆ 60ని ఆప్‌ఆంప్‌తో (చిన్న వోల్టేజిని పెంచి చూపే చిప్పు) పది రెట్లు చేసి చిప్పుకు 600గా చూపించాను. చిప్పుకు ఈ మోసం తెలియదు.

కాయిలు 2.2 మైక్రోహెన్రీలు. కరెంటు అల సుమారు అర ఆంపియరు, శిఖరం 3.25. మొదట వేసిన కాయిలు మూడు ఆంపియర్లకే సంతృప్తమైపోయే, అంటే ఇక శక్తి దాచుకోలేని రకం. సన్నగా ఈల వేసింది, వేలు పెట్టనివ్వనంతగా కాలింది. అయిదు ఆంపియర్ల రకం వేశాక నోరు మూసుకుంది.

12వ రోజు

బోర్డు మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి, కరెంటు మాత్రం 2.6 ఆంపియర్లు. 3 కాదు. ఈసారి ఎక్కువ వెతకలేదు, అనుభవం వచ్చింది. ఆప్‌ఆంప్‌కు వెళ్లే గీతను రెసిస్టరు కాళ్ల దగ్గర నుంచి కాకుండా కాస్త దూరం నుంచి తీశాను. మధ్యలో ఉన్న టంకం, రాగి పొర కలిపి 3 మిల్లీఓములు. 20 ఉండవలసింది 23 అయింది. 3ని 20తో హెచ్చించి 23తో భాగించండి, 2.6 వస్తుంది.

కత్తితో ఆ గీతను కోసి, రెసిస్టరు కాళ్ల లోపలి అంచుల నుంచి రెండు సన్నని తీగలు వేశాను. 2.98 ఆంపియర్లు. చాలు.

ఈ టార్చిలో ఇప్పటికి చెడ్డది ఒక్క భాగమూ లేదు. చెడ్డవన్నీ భాగాలు ఒకదానికొకటి తగిలే చోట్లే. అందుకే పెద్ద కరెంటు స్విచ్చు గుండా పోకూడదని తీర్మానించుకున్నాను. వెనుక టక్కుమనే స్విచ్చు ఎంత బాగున్నా దాని పలకల మధ్య మళ్లీ పదుల మిల్లీఓములు. పక్కన చిన్న బొత్తాము ఉంటుంది, అది ఏటీటైనీ85 మైక్రోకంట్రోలరుకు (ప్రోగ్రాము నడిపే చిన్న చిప్పు) సైగ చేస్తుంది, అంతే.

17వ రోజు

ఒంటి కొలతలు. పెన్సిల్ సెల్లు వ్యాసం 14.5 మిల్లీమీటర్లు. నాలుగింటిని రెండు వరుసలుగా పేర్చి చుట్టూ వలయం గీస్తే దాని వ్యాసం 14.5ను 2.414తో హెచ్చించినంత, సరిగ్గా 35. సెల్లను పట్టే బుట్ట 36 మిల్లీమీటర్లు, గొట్టం లోపలి వ్యాసం 36, బయట 42, పొడవు 110. తల దగ్గర ఎల్ఈడీ కూర్చునే అల్యూమినియం పీట మందం 8.

లేతు మా మామయ్యది. డ్రాయింగు చూసి, కళ్లజోడు పైకి నెట్టి అడిగాడు.

"బుట్ట 36, గొట్టం 36. మధ్యలో సందు ఎంత?"

"అంటే... సరిగ్గా పట్టాలని."

"సరిగ్గా పట్టడమంటే సుత్తితో కొట్టి దింపడమా? సందు రాయని డ్రాయింగు సగం డ్రాయింగే నాన్నా."

36.4కి కోశాడు. బుట్ట జారుతూ దిగింది, గలగలలాడలేదు. నేను సాఫ్ట్‌వేరు రాసేవాణ్ణి. నాకు 36 అంటే 36. ఇనుముతో పనిచేసేవాళ్లకు 36 అనేది ఒక అభిప్రాయం.

బుట్ట అంటే రెండు గుండ్రటి సర్క్యూట్ బోర్డులు, మధ్యలో మూడు కడ్డీలు. సెల్లు ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా, నాలుగూ వరుస కలుస్తాయి. ప్లస్సు, మైనస్సు రెండూ పై బోర్డు మీదికే వస్తాయి. కాబట్టి కరెంటు గొట్టం గుండా, దాన్ని బిగించే మరల గుండా పోనవసరం లేదు. మామూలు టార్చీలు వెనుక నుంచి రెండు దెబ్బలు వేస్తే వెలగడానికి తరచుగా కారణం ఆ మరల్లో చేరిన మురికే.

20వ రోజు

ఇక వేడి. ఈ రోజు రాత ఎక్కువవుతుంది, ముందే చెబుతున్నాను.

ఎల్ఈడీలోకి వెళ్లే పది వాట్లలో వెలుగుగా బయటికి వచ్చేది మూడో వంతు వరకు. మిగిలిన ఏడు వాట్లు ఒక గోరంత ముక్కలో వేడిగా పుడతాయి. డ్రైవరు నుంచి ఇంకో వాటు. పాత బల్బు తన వేడిని కిరణాలుగా ముందుకు విసిరేది. ఎల్ఈడీ అలా కాదు, వేడినంతా వెనుక నుంచి పీటలోకి దింపుతుంది. అక్కడి నుంచి గొట్టానికి, గొట్టం నుంచి గాలికి, చేతికి.

ఎల్ఈడీ లోపలి చిప్పు నుంచి దాని కింది టంకం దాకా దారి ఎలా ఉందో తయారీదారు పత్రమే చెబుతుంది: వాటుకు 2.5 డిగ్రీలు. ఏడు వాట్లకు 17 డిగ్రీలు. దానితో నేను చేయగలిగింది లేదు. ఆ తరువాతిదంతా నా బాధ్యత.

మొదటి కూర్పులో అల్యూమినియం బోర్డు మీద అమర్చిన ఎల్ఈడీని వేడిని పంపే జిగురుతో పీటకు అతికించాను. చీకటి గదిలో ఫోను లక్స్ మీటరును (ఒక చోట పడే వెలుగును కొలిచేది) కదలకుండా బిగించి, వెలిగించిన క్షణాన్ని 100గా పెట్టుకున్నాను. ఒక నిమిషానికి 82. పీట ఇంకా గోరువెచ్చగానే ఉంది. అంటే వేడి పీట దాకా రావడం లేదు, ఎల్ఈడీ తన వేడిలో తానే ఉడుకుతోంది.

విప్పి చూస్తే కారణాలు రెండు. ఒకటి, అల్యూమినియం బోర్డులో రాగి పొరకూ లోహానికీ మధ్య ఒక విద్యుత్ నిరోధక పొర ఉంటుంది, వేడికి అది గోడే. రెండోది నా తప్పు: జిగురు దళసరిగా పూశాను. ఎంత ఎక్కువ పూస్తే అంత మంచిదనిపిస్తుంది, నిజం దానికి తలకిందులు. ఆ జిగురు లోహం కన్నా వేడిని ఎన్నో రెట్లు నిదానంగా పంపుతుంది. దాని పని గుంతలు నింపడం వరకే.

రాగి బోర్డు తెప్పించాను. ఇందులో ఎల్ఈడీ మధ్య కాలు నేరుగా రాగి దిమ్మకే టంకంతో అతుకుతుంది, నడుమ ఏ పొరా లేదు. అద్దం పలక మీద ఎమెరీ కాగితం పరిచి పీటను 400 నంబరుతో, తరువాత 800తో అరగదీశాను. జిగురు మానేసి, పేస్టును గీకి గీకి పొగమంచంత పలచగా పరిచి, రెండు మరలతో బిగించాను. నిమిషానికి 82 కాదు, 96. పీట వెంటనే వేడెక్కుతోంది, ఇప్పుడు అది శుభవార్త.

21వ రోజు

వేడి గొట్టం దాకా వచ్చింది. గొట్టం దాన్ని ఎంతవరకు భరిస్తుంది?

లోహం మొత్తం బరువు 150 గ్రాములు. అల్యూమినియం గ్రాముకు డిగ్రీకి 0.9 జౌళ్లు. అంటే ఒక డిగ్రీ పెరగడానికి 135 జౌళ్లు. సెకనుకు ఎనిమిది జౌళ్లు పోస్తే నిమిషానికి మూడున్నర డిగ్రీలు. గదిలో 28 ఉంటే, 50 చేరడానికి ఆరు నిమిషాలకు పైగా. ఆ తరువాత? గొట్టం ఉపరితలం 145 చదరపు సెంటీమీటర్లు. నిశ్చలమైన గాలిలో చదరపు మీటరుకు డిగ్రీకి పది వాట్లు పోతాయనుకున్నా, ఎనిమిది వాట్లు వదిలించుకోవాలంటే గది కన్నా 55 డిగ్రీలు వేడెక్కాలి. 83 డిగ్రీల గొట్టాన్ని ఎవరు పట్టుకుంటారు?

కాబట్టి ఈ పరిమాణంలో పది వాట్లు ఎల్లకాలం నిలవవు. ఎవరు చేసినా నిలవవు. కొద్ది నిమిషాలు పూర్తి వెలుగు, తరువాత గొట్టం మోయగలిగినంత. డబ్బాల మీది అంకెలకు ఇక్కడే రహస్యం ఉంది. టార్చీలకు అమెరికా ప్రమాణమైన ఎఫ్ఎల్1 ప్రకారం వెలుగును కొలిచేది ముప్పయ్యవ సెకను దగ్గర. వెలిగే సమయం లెక్కించేది వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా. రెండూ నిజాలే, పక్కపక్కన పెడితే మాత్రం చదివేవాడికి వేరే అర్థం వస్తుంది.

కొలుద్దామని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టాను. పది నిమిషాల తరువాత 34 చూపించింది. ఆనందంగా చేత్తో పట్టుకుని వెంటనే వదిలేశాను. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా పెద్దగా బయట పెట్టదు. థర్మామీటరు చూసింది గొట్టాన్ని కాదు, అందులో ప్రతిబింబించిన నా గదిని. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే 58.

అక్కడే ఇంకో విషయం తట్టింది. థర్మామీటరుకు కనిపించని వేడి గదిలోకీ పోవడం లేదు కదా! గొట్టం నల్లగా ఉంటే కిరణాల రూపంలో పోయే వేడి తక్కువేమీ కాదు. నేను వేసుకున్న పది వాట్ల లెక్కలో దాదాపు సగం వాటా దానిదే. మెరిసే గొట్టం ఆ సగాన్ని కాదనుకుంటోంది. సన్నని పొరగా మాట్ నల్ల రంగు వేసి, మరల దగ్గర మాత్రం వదిలేశాను. అదే పది నిమిషాలకు 53. అల్యూమినియం మీద అందం కోసం వేసే అనోడైజింగ్ పూతకు ఈ పని కూడా ఉందని ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు.

24వ రోజు

ప్రోగ్రాము. పీట మీద 10 కిలోఓముల థర్మిస్టరు, అంటే వేడిని బట్టి నిరోధం మారే రెసిస్టరు. 50 డిగ్రీలు దాటితే కరెంటు మెల్లగా 3 నుంచి 1.2 ఆంపియర్లకు దిగుతుంది. ఒక్కసారిగా దించితే సెల్లు అయిపోయాయని కంగారు పడతారు. అర నిమిషం పాటు దించితే కళ్లు గమనించవు. కంటికి వెలుగు సగమైనా సగంలా కనిపించదు, అది మన అదృష్టం.

తప్పులు మూడు దొరికాయి. మొదటిది: వెలిగించగానే ఒక్క క్షణం పూర్తి వెలుగు, తరువాత అడిగినంత వెలుగు. మైక్రోకంట్రోలరు మేలుకునేలోపు బక్ చిప్పు తన ఇష్టం వచ్చినట్టు నడుస్తోంది. రాత్రి నిద్ర కళ్లతో తక్కువ వెలుగు కోరినవాడికి అది చెంపదెబ్బ. చిప్పును నడవనిచ్చే కాలును రెసిస్టరుతో నేలకు, అంటే మైనస్సుకు కట్టేశాను. ప్రోగ్రాము సిద్ధమయ్యాకే పైకి లేపుతుంది.

రెండోది పెద్దది. అప్పుడే చార్జరు నుంచి తీసిన సెల్లు ఒక్కొక్కటి 1.45 వోల్టులు ఉంటాయి. నాలుగు కలిపితే 5.8. ఏటీటైనీ85 పని చేసే హద్దు 5.5. ఇన్నాళ్లూ సగం వాడిన సెల్లతో పరీక్షిస్తూ దీన్ని చూడనే లేదు. దాని దారిలో ఒక డయోడు పెట్టి 0.6 వోల్టులు తగ్గించాను.

మూడోది, అతి తక్కువ వెలుగు. 30 మిల్లీఆంపియర్ల దగ్గర 20 మిల్లీఓముల రెసిస్టరు మీద పడేది 0.6 మిల్లీవోల్టు. చవక ఆప్‌ఆంప్ కొలతలో సొంత తేడాయే 2 మిల్లీవోల్టులు. అది ఎల్ఈడీని కొలుస్తోందా, తనను తాను కొలుచుకుంటోందా? ఖరీదైన ఆప్‌ఆంప్ వేయవచ్చు. నేను బక్‌ను పూర్తిగా పక్కన పెట్టి, చిన్న ట్రాన్సిస్టరు, 150 ఓముల రెసిస్టరు ద్వారా నేరుగా 14 మిల్లీఆంపియర్లు పంపాను. సామర్థ్యం తక్కువే, కానీ అంత చిన్న కరెంటులో ఎవరికి కావాలి? ఈ వెలుగులో పుస్తకం చదవవచ్చు, పక్కవాళ్ల నిద్ర చెడదు.

27వ రోజు

కావాలనే మూడు కొత్త సెల్లు, ఒక ముసలి సెల్లు వేసి చూశాను. మొత్తం 4.0 వోల్టులకు రాగానే ఆపేయమని రాసుకున్నాను, సెల్లుకు ఒక వోల్టు లెక్క. ఆగే సమయానికి మూడు సెల్లు 1.25 దగ్గర హాయిగా ఉన్నాయి. నాలుగోది 0.25. ఇంకొంచెం ఉంటే మిగిలిన మూడూ దానిలోకి వెనుక నుంచి కరెంటు తోసి తిరగబడేలా చేసేవి. నికెల్ సెల్లు అలా చచ్చిపోతాయి.

మొత్తాన్ని చూస్తే మోసపోతాం, పడే తీరు చూడాలి. ఒక సెల్లు ఖాళీ అయితే వోల్టేజి జారదు, మెట్టు దిగుతుంది. వెలుగు మారకుండానే ఒక నిమిషంలో పావు వోల్టు పడితే ప్రోగ్రాము రెండు సార్లు కన్నుగీటి తక్కువ వెలుగుకు వెళ్తుంది. అదే ముసలి సెల్లుతో మళ్లీ చూశాను, ఈసారి దాన్ని 0.9 దగ్గరే పట్టుకుంది.

ఆపి ఉంచినప్పుడు కరెంటు: మొదట 1.2 మిల్లీఆంపియర్లు, ఆప్‌ఆంప్ మేలుకునే ఉంది. ఆ లెక్కన 70 రోజుల్లో సెల్లు ఖాళీ. దాన్ని కూడా నిద్రపుచ్చాక 9 మైక్రోఆంపియర్లు.

31వ రోజు

రిఫ్లెక్టరు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, లోపల నారింజ తొక్కలా గరుకు. నునుపైనది ఇంకా దూరం కొడుతుంది, కానీ వెలుగులో వలయాలు కనిపిస్తాయి. బిగించి గోడ మీద చూస్తే నడి మధ్యలో నల్ల మచ్చ. ఎల్ఈడీ కాస్త కిందికి ఉంది. తెల్లని ప్లాస్టిక్ వాషరును అర మిల్లీమీటరు అరగదీయగానే మచ్చ పోయి నిండు చుక్క వచ్చింది. ఆ వాషరు రిఫ్లెక్టరు లోహం ఎల్ఈడీ టంకానికి తగలకుండా కూడా కాపాడుతుంది. మరీ పలచన చేస్తే షార్టే.

అయిదు మీటర్ల దగ్గర మీటరు 400 లక్స్ చూపింది. దూరం వర్గంతో హెచ్చిస్తే 10,000 క్యాండెలాలు (ఒక దిక్కుకు వెలుగు ఎంత గట్టిగా వెళ్తుందో చెప్పే కొలత). ఎఫ్ఎల్1 లెక్కలో వెలుగు 0.25 లక్స్‌కు, అంటే సుమారుగా వెన్నెలంత, పడిపోయే దూరం ఆ అంకె వర్గమూలానికి రెట్టింపు: 200 మీటర్లు. అక్కడ చెట్టుంటే చెట్టుందని తెలుస్తుంది. అది ఏ చెట్టో తెలియాలంటే సగం దూరం నడవాలి. నేను అడిగింది వంద మీటర్లే కాబట్టి ఫిర్యాదు లేదు.

ల్యూమెన్లు కొలిచే గోళం నా దగ్గర లేదు. నమ్మకమైన ఇంకో టార్చితో పైకప్పు మీద వెలుగు వేసి పోల్చాను. 800 దరిదాపుల్లో ఉంది. వెయ్యి అని రాయడానికి చెయ్యి రాలేదు.

33వ రోజు

నిండు చార్జితో చివరి పరీక్ష. పూర్తి వెలుగు 7 నిమిషాల 20 సెకన్లు, తరువాత 1.2 ఆంపియర్లకు దిగి అక్కడ 2 గంటలు. గొట్టం 51 డిగ్రీల దగ్గర స్థిరపడింది. మొత్తం 2 గంటల 8 నిమిషాలకు రెండు సార్లు కన్నుగీటింది. సెల్లు తీసి కొలిస్తే నాలుగింటి మధ్య తేడా 0.04 వోల్టులు.

మామయ్యకు ఇచ్చాను. పూర్తి వెలుగు వేసి, అయిదు నిమిషాలు పట్టుకుని, చెయ్యి మార్చుకున్నాడు.

"ఇది టార్చా, ఇస్త్రీపెట్టా?"

"కాసేపట్లో తగ్గుతుంది మామయ్యా."

"తగ్గితే మంచిదే. చలికాలానికి ఇంకొకటి చెయ్యి, తగ్గకుండా."

బొత్తాము మీద రబ్బరు తొడుగు ఇంకా దొరకలేదు. అంతవరకు అక్కడ నల్ల టేపు ముక్క అంటించాను, థర్మామీటరు కోసం కోసినప్పుడు మిగిలినదే.